క్రైస్ట్‌చర్చ్ కాల్పుల వీడియో మా బంధువుల గ్రూపు దాకా ఎలా వచ్చింది?

ప్రశ్న (ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, వరంగల్)

2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో శుక్రవారం ప్రార్థనల వేళ ఒక శ్వేతజాతి దురహంకారి రెండు మసీదులపై కాల్పులు జరిపి 51 మందిని బలిగొన్నాడు. ఆ రోజు సాయంత్రానికే, అతడు ఫేస్‌బుక్‌లో ప్రత్యక్ష ప్రసారం చేస్తూ స్వయంగా చిత్రీకరించిన వీడియో మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. పంపిన మా బాబాయి ఎవరికీ కీడు తలపెట్టే మనిషి కాదు. ‘ఎంత ఘోరమో చూడండి’ అని బాధపడుతూ పంపారు. మృతుల్లో హైదరాబాద్‌వారు కూడా ఉన్నారని తెలిశాక అది మరిన్ని గ్రూపులకు పాకింది.

ఇప్పుడు తొమ్మిదో తరగతికి ప్రసార మాధ్యమాల పాఠం సిద్ధం చేసుకుంటుండగా ఒక సంగతి నన్ను ఆపేసింది. ఆ ప్రత్యక్ష ప్రసారాన్ని చూసినవారు 200 మంది కూడా లేరనీ, తాము తొలగించేలోగా అది మొత్తం 4,000 సార్లు మాత్రమే వీక్షణకు నోచుకుందనీ ఫేస్‌బుక్ అప్పట్లో ప్రకటించింది. అంత తక్కువ మంది చూసిన దృశ్యం కొన్ని గంటల్లోనే వరంగల్ దాకా ఎలా చేరింది? అన్ని వనరులున్న కంపెనీలు దానిని ఎందుకు ఆపలేకపోయాయి? ఇది సాంకేతికత తెచ్చిన కొత్త జబ్బా, లేక పాతదేనా?

జవాబు 1 (సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, హైదరాబాద్)

ఉపాధ్యాయులవారికి నమస్కారం. హంతకుడి ప్రసారం 17 నిమిషాలు సాగింది. దానిపై తొలి ఫిర్యాదు ప్రసారం మొదలైన 29 నిమిషాలకు, అంటే అది ముగిసిన 12 నిమిషాల తరువాత వచ్చింది. అప్పటికే ఎవరో దానిని దించుకుని మరోచోట దాచి, ఆ లింకును ఎయిట్‌చాన్ అనే వేదికలో పెట్టారు. దాడికి ముందు హంతకుడు తాను చేయబోయేది చెప్పుకున్నది కూడా అక్కడే. కాబట్టి మూలాన్ని తొలగించేనాటికే పిల్లలు పుట్టేశాయి.

తొలి 24 గంటల్లో ఫేస్‌బుక్ 15 లక్షల ప్రతులను తొలగించింది. వాటిలో 12 లక్షలను ఎక్కిస్తున్నప్పుడే అడ్డుకుంది. మిగిలిన 3 లక్షలు ఎలా లోపలికి వచ్చాయన్నదే మీ ప్రశ్నకు కీలకం. నిషేధించిన వీడియోకు యంత్రం ‘హ్యాష్’ అనే ఒక సంఖ్యను వేలిముద్రలా గుర్తు పెట్టుకుంటుంది. అంచులు కత్తిరించినా, రంగు మార్చినా, టీవీలో వస్తుండగా ఫోనుతో చిత్రీకరించినా ఆ వేలిముద్ర మారిపోవచ్చు. ఆ వీడియోకు అలా మారిన రూపాలు 800కు పైగా దొరికాయి. మార్చినవారిలో కొందరు యంత్రాన్ని మోసగించడానికే ఆ పని చేశారు. కొందరు మాత్రం టీవీలో చూసినదాన్ని మామూలుగా తీసి పంపినవారే.

వాట్సాప్ సంగతి వేరు. అందులో సందేశం పంపినవారి ఫోనులోనే తాళం పడి, అందుకున్నవారి ఫోనులోనే తెరుచుకుంటుంది కనుక లోపల ఏముందో కంపెనీకి కనబడదు. ఒకసారికి ఐదుగురికే లేదా ఐదు గ్రూపులకే పంపాలన్న పరిమితి అప్పటికే ఉంది. కానీ ఆ రోజుల్లో ఒక్కో గ్రూపులో 256 మంది వరకు ఉండవచ్చు. ఐదు గ్రూపులంటే 1,280 మంది. మీ బాబాయిగారి వంటి సజ్జనులు ఇద్దరు చాలు, ఫేస్‌బుక్‌లో ఆ ప్రసారాన్ని ప్రత్యక్షంగా చూసినవారి కంటే పది రెట్లు ఎక్కువ మందికి చేర్చడానికి.

జవాబు 2 (విశ్రాంత పాత్రికేయుడు, విజయవాడ)

ఇంజనీరుగారు చెప్పినది సరైనదే, కానీ జబ్బు యంత్రంలోనే ఉందనుకుంటే పొరపడతాం. 1990ల ఆరంభంలో ఆఫ్రికా దేశమైన రువాండాలో ఇంటర్నెట్ లేదు, చాలామందికి చదువూ లేదు. ఉన్నది ట్రాన్సిస్టర్ రేడియో. 1993 జులైలో ఆర్‌టీఎల్‌ఎం అనే ప్రైవేటు కేంద్రం మొదలైంది. ప్రభుత్వ రేడియో బిగుసుకుపోయిన గొంతుతో మాట్లాడుతుంటే, ఇది కుర్రకారు మెచ్చే పొరుగు దేశం జైర్ పాటలు వేసేది, వీధిలో మాట్లాడుకునే భాషలోనే ముచ్చట్లు చెప్పేది, శ్రోతలతో ఫోనులో మాట్లాడేది. జనం పాటల కోసం పెట్టుకున్న ఆ రేడియోలోనే టుట్సీ అనే అల్పసంఖ్యాక జాతివారిని ‘ఇన్యెంజీ’ అనడం రోజూ వినిపించేది. ఆ మాటకు బొద్దింకలు అని అర్థం. 1994 ఏప్రిల్ 6న అధ్యక్షుడు హబ్యారిమానా విమానం కూలిన తరువాత అదే కేంద్రం చంపవలసినవారి పేర్లను, వారు దాక్కున్న చోట్లను చదివింది. దాదాపు 100 రోజుల్లో సుమారు 8 లక్షల మంది హతులయ్యారు.

రువాండా మారణహోమం కేసుల కోసం టాంజానియాలోని ఆరూషాలో ఏర్పాటైన అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2003 డిసెంబరులో ఆ రేడియో స్థాపకుల్లో ఇద్దరిని, ‘కంగూరా’ పత్రిక సంపాదకుడిని దోషులుగా తేల్చింది. 2007లో అప్పీలులో కొన్ని నేరారోపణలు వీగిపోయి శిక్షలు తగ్గాయి. జీవితమంతా వార్తలు రాసినవాడిగా ఈ కేసు నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

పిల్లలకు చెప్పేటప్పుడు ఆ పాటల సంగతి తప్పక చెప్పండి. ద్వేషం ద్వేషంలా వచ్చి తలుపు తట్టదు. 2014 జులైలో ఐసిస్ తన ‘దాబిక్’ పత్రికను ఆంగ్లంలో, నిగనిగలాడే పుటలతో తెచ్చినప్పుడు అందులో హింసతో పాటు కొత్త రాజ్యం, సోదరభావం, నీకంటూ ఒక చోటు ఉందన్న ఆశ్వాసన కూడా ఉన్నాయి. ఒంటరితనంతో ఉన్న కుర్రవాడిని ముందుగా పట్టేది ఆ ఆశ్వాసనే.

జవాబు 3 (ఆక్లాండ్‌లో ఉంటున్న తెలుగు గృహిణి)

ఆ రోజు మేము ఇక్కడే ఉన్నాం. కొద్ది రోజుల్లోనే ఈ దేశపు చీఫ్ సెన్సార్ ఆ వీడియోను నిషిద్ధ సామగ్రిగా ప్రకటించారు. తెలిసి దానిని దగ్గర పెట్టుకుంటే 10 ఏళ్ల వరకు, పంచితే 14 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. నాటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ హంతకుడి పేరును తాను ఎన్నడూ పలకబోనని పార్లమెంటులో ప్రకటించారు. అతడు కోరుకున్నది ప్రచారమే కనుక ఆ నిర్ణయం ఎంతో సబబని నాకు అనిపించింది.

మీ బాబాయిగారిని నేను తప్పుబట్టడం లేదు. అయితే చనిపోయినవారి ఇళ్ల గురించి ఒక్కసారి ఆలోచించండి. వారి పిల్లలు తమ తండ్రి ఆఖరి క్షణాలను ఏదో ఒక గ్రూపులో చూసే అవకాశం ఇప్పటికీ ఉంది. 2022 మే 14న అమెరికాలోని బఫెలోలో పదిమందిని చంపినవాడు క్రైస్ట్‌చర్చ్ వీడియోనే తనకు ప్రేరణ అని రాసుకున్నాడు. అతడి ప్రసారాన్ని ట్విచ్ అనే ప్రత్యక్ష ప్రసార వేదిక కాల్పులు మొదలైన రెండు నిమిషాల్లోపే ఆపివేసినా, ఒక ప్రతి బయటపడి లక్షలాది మందికి చేరింది. బాధతో పంపినా, ఉత్సాహంతో పంపినా ఆ ప్రతి ఒక్కటే కదా. ఎవరైనా పంపితే గ్రూపులో వాదన పెట్టకుండా విడిగా ఫోను చేసి చెప్పండి. పెద్దవారు నలుగురిలో అంటే నొచ్చుకుంటారు, విడిగా చెబితే వింటారు.

ప్రశ్న అడిగినవారి మాట

ముగ్గురికీ కృతజ్ఞతలు. రువాండా రేడియోతోనే పాఠం మొదలుపెడతాను. అమ్మా, మీ మాట చదివిన వెంటనే బాబాయికి ఫోను చేశాను. ఆ వీడియో ఇంకా ఆయన ఫోను గ్యాలరీలోనే ఉందట. ఎలా తీసివేయాలో తనకు తెలియదంటే, ఫోను పెట్టేయకుండా ఒక్కొక్క మెట్టూ చెబుతూ తీయించాను. పిన్ని ఫోనులో కూడా ఉందేమో చూడమని అడిగితే, అక్కడా దొరికింది.