నెట్‌సీడీఎఫ్ వాడే ఫోర్ట్రాన్ ప్రోగ్రామ్: కంపైల్ అవుతోంది, లింక్ దగ్గర ఆగిపోతోంది (ఉబుంటు 22.04)

వానలెక్క (ప్రశ్న)

అందరికీ నమస్కారం. భారత వాతావరణ శాఖ ఇచ్చే 0.25 డిగ్రీల గ్రిడ్ రోజువారీ వర్షపాతం ఫైళ్లు (ఏడాదికొక నెట్‌సీడీఎఫ్ ఫైలు, అంటే గ్రిడ్ డేటాను దాని వివరాలతో సహా దాచే ఫార్మాట్) చదివి, హైదరాబాద్‌కు దగ్గరి గ్రిడ్ పాయింట్ దగ్గర ఏ రోజు ఎంత వాన పడిందో రాసిచ్చే ఫోర్ట్రాన్ ప్రోగ్రామ్ ఇది. ఉబుంటు 22.04, జీఫోర్ట్రాన్ 11.4. అదే మెషీన్‌లో పైథాన్ కోసం అనకోండా ఉంది, అందులో నెట్‌సీడీఎఫ్4 ప్యాకేజీ కూడా ఉంది.

మొదట "నెట్‌సీడీఎఫ్.మాడ్ తెరవలేను" అని కంపైలర్ ఆగింది. లిబ్‌నెట్‌సీడీఎఫ్-డెవ్, లిబ్‌నెట్‌సీడీఎఫ్‌ఎఫ్-డెవ్ ఆప్ట్‌తో వేసి, /యూఎస్ఆర్/ఇన్‌క్లూడ్ దారి ఇచ్చాక ఆ ఎర్రర్ పోయింది. ఇప్పుడు ఈ కమాండ్ ఇస్తే:

జీఫోర్ట్రాన్ $(ఎన్‌సీ-కాన్ఫిగ్ --లిబ్స్) -ఐ/యూఎస్ఆర్/ఇన్‌క్లూడ్ వాన.ఎఫ్90 -ఓ వాన

"అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు __నెట్‌సీడీఎఫ్_మాడ్_ఎన్ఎఫ్90_ఓపెన్" అంటోంది. నేను పిలిచిన ప్రతి ఎన్ఎఫ్90 ఫంక్షన్‌కీ అలాంటి లైనే. ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌లో అనకోండా లిబ్ ఫోల్డర్ చేర్చమని ఒకచోట చూసి .బాష్‌ఆర్‌సీలో పెట్టాను, ఏ మార్పూ లేదు. లైబ్రరీ డిస్క్ మీద ఉంది కదా, మరి ఎందుకు దొరకడం లేదు?

---

కోర్‌డంప్

ముందు ఆ ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ లైను .బాష్‌ఆర్‌సీలోంచి తీసేసి కొత్త టెర్మినల్ తెరవండి. మీ ఎర్రర్‌కూ దానికీ సంబంధం లేదు. అది ప్రోగ్రామ్ నడిచేటప్పుడు చూసే దారి. మీరు ఆగింది అంతకంటే ముందు, లింకర్ (కంపైల్ అయిన కోడ్‌ను లైబ్రరీలతో కలిపేది) దగ్గర.

ఇలాంటి ప్రోగ్రామ్‌కు లైబ్రరీ మూడుసార్లు అవసరపడుతుంది. మూడుసార్లూ వెతికేది వేరు వేరు ఫైలు, వేరు వేరు చోట. కంపైల్ అప్పుడు నెట్‌సీడీఎఫ్.మాడ్ కావాలి, దాన్ని పెద్ద ఐ ఫ్లాగ్ చెప్పిన ఫోల్డర్లో చూస్తుంది. జీఫోర్ట్రాన్ మాడ్ ఫైళ్ల కోసం /యూఎస్ఆర్/ఇన్‌క్లూడ్‌ను తనంతట తాను చూడదు కాబట్టే మీరు ఇవ్వాల్సి వచ్చింది. లింక్ అప్పుడు లిబ్‌నెట్‌సీడీఎఫ్‌ఎఫ్.ఎస్ఓ కావాలి: ఫోల్డర్ పెద్ద ఎల్ ఫ్లాగ్‌తో, పేరు చిన్న ఎల్ ఫ్లాగ్‌తో. నడిపేటప్పుడు కావలసింది లిబ్‌నెట్‌సీడీఎఫ్‌ఎఫ్.ఎస్ఓ.7, చివర నంబరుతో సహా. లోడర్ (ప్రోగ్రామ్ మొదలవగానే లైబ్రరీలను తెచ్చేది) దాన్ని వెతికేటప్పుడు మీరిచ్చిన పెద్ద ఎల్ దారి దానికి గుర్తుండదు.

మీ కమాండ్‌లో రెండు లోపాలున్నాయి.

ఒకటి, ఎన్‌సీ-కాన్ఫిగ్ సీ లైబ్రరీది. 4.2 వెర్షన్ నుంచి ఫోర్ట్రాన్ భాగం విడి ప్యాకేజీ అయింది, దాని లైబ్రరీ పేరు చివర ఎఫ్ రెండుసార్లు ఉంటుంది: నెట్‌సీడీఎఫ్‌ఎఫ్. ఎన్ఎఫ్90_ తో మొదలయ్యే ఫంక్షన్లన్నీ అందులోనే ఉంటాయి. మీరు ఒక్క ఎఫ్ ఉన్న లైబ్రరీనే ఇచ్చారు. అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ పేరులో "_మాడ్_" కనబడితే లింకర్‌కు అందనిది ఫోర్ట్రాన్ మాడ్యూల్ ఉన్న లైబ్రరీ అని అర్థం. దానికి బదులు ఎన్‌సీ_ఓపెన్ లాంటి పేరు వచ్చి ఉంటే సీ లైబ్రరీ, హెచ్5 తో మొదలైతే హెచ్‌డీఎఫ్5 (నెట్‌సీడీఎఫ్4 ఫైళ్లకు అడుగున వాడే లైబ్రరీ). పేరు చూడగానే ఎవరు గైర్హాజరో తెలిసిపోతుంది.

రెండు, వరస. లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది. లైబ్రరీ పేరు ముందే వచ్చేస్తే అప్పటికి దాన్ని ఎవరూ అడగలేదు కాబట్టి పక్కన పెట్టేస్తుంది. ఉబుంటులో జీసీసీ లింకర్‌కు "యాజ్-నీడెడ్" ఆప్షన్‌ను ముందే పెట్టి ఇస్తుంది కాబట్టి షేర్డ్ లైబ్రరీలకూ ఇదే గతి. మరో డిస్ట్రిబ్యూషన్‌లో నడిచిన మేక్‌ఫైల్ ఉబుంటులో పడిపోవడానికి తరచూ ఇదే కారణం. లైబ్రరీలు ఎప్పుడూ సోర్స్ ఫైలు తర్వాతే.

సరైన రూపం ఇది (పలికినట్టు రాస్తున్నాను, ఫ్లాగుల్లో పెద్ద అక్షరం, చిన్న అక్షరం చూసి కొట్టండి):

జీఫోర్ట్రాన్ $(ఎన్ఎఫ్-కాన్ఫిగ్ --ఎఫ్‌ఫ్లాగ్స్) వాన.ఎఫ్90 -ఓ వాన $(ఎన్ఎఫ్-కాన్ఫిగ్ --ఎఫ్‌లిబ్స్)

దీనికి ముందు "విచ్ -ఏ ఎన్ఎఫ్-కాన్ఫిగ్", "విచ్ -ఏ ఎన్‌సీ-కాన్ఫిగ్" రెండూ కొట్టి చూడండి. కోండాలో (అనకోండాలో) నెట్‌సీడీఎఫ్ ఉంటే ఎన్‌సీ-కాన్ఫిగ్ కూడా దాంతోపాటే వస్తుంది, పాత్‌లో అదే ముందుంటుంది. కోండాలో ఫోర్ట్రాన్ ప్యాకేజీ విడిగా వేయలేదు కాబట్టి ఎన్ఎఫ్-కాన్ఫిగ్ మాత్రం /యూఎస్ఆర్/బిన్ నుంచి వస్తుంది. అంటే మీ కమాండ్ మాడ్ ఫైలును సిస్టమ్ నుంచి, లైబ్రరీని కోండా నుంచి తీసుకుంటోంది. "కోండా డీయాక్టివేట్" కొట్టి కంపైల్ చేయండి.

లింక్ అయ్యాక "ఎల్‌డీడీ ./వాన" చూడండి. ప్రతి లైబ్రరీ /లిబ్/ఎక్స్86_64-లైనక్స్-జీఎన్‌యూ నుంచి రావాలి. ఎక్కడైనా అనకోండా దారి కనబడితే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ ఇంకా సెట్ అయి ఉన్నట్టే.

---

గోదారిగట్టు

మీకు కావలసింది ఒక్క గ్రిడ్ పాయింటే అయితే ఇంత తంటా దేనికండీ? వాతావరణ శాఖ అదే డేటాను బైనరీ .జీఆర్‌డీ ఫైళ్లుగా కూడా ఇస్తుంది. లైబ్రరీ ఏదీ అక్కర్లేదు. 4 బైట్ల రియల్, 135 రేఖాంశాలు, 129 అక్షాంశాలు, రోజుకొక పలక. ఫైలును యాక్సెస్ 'స్ట్రీమ్', ఫార్మ్ 'అన్‌ఫార్మాటెడ్' అని తెరిచి, (135,129) అర్రేలోకి రోజుకొకసారి చదవడమే. సరిగా దిగిందో లేదో ఫైలు సైజే చెబుతుంది: 365 రోజుల ఏడాదికి 135 × 129 × 4 × 365 = 2,54,25,900 బైట్లు. లీప్ ఏడాదికి 2,54,95,560. ఒక్క బైటు తేడా వచ్చినా ఆ ఫైలు నమ్మొద్దు.

---

కోర్‌డంప్

ఈ ఒక్క పనికి గోదారిగట్టు గారు చెప్పింది నిజంగానే సులువు. కానీ బైనరీ ఫైలు తన గురించి తాను ఏమీ చెప్పదు: గ్రిడ్ ఎక్కడ మొదలైందో, డేటా లేని చోట ఏ విలువ పెట్టారో ప్రోగ్రామ్‌లో మనమే రాసిపెట్టుకోవాలి. రేపు మోడల్ అవుట్‌పుట్‌తోనో రీఅనాలిసిస్ డేటాతోనో పోల్చాల్సి వస్తే మళ్లీ నెట్‌సీడీఎఫ్ దగ్గరికే వస్తారు. ఒకసారి సరిగా బిగించుకుంటే నయం.

---

వానలెక్క

ఇద్దరికీ ధన్యవాదాలు. విచ్ కొడితే మీరన్నట్టే ఎన్‌సీ-కాన్ఫిగ్ అనకోండాది, ఎన్ఎఫ్-కాన్ఫిగ్ సిస్టమ్‌ది. కోండా ఆపి కొత్త కమాండ్ ఇస్తే లింక్ అయింది. ఎల్‌డీడీలో అన్నీ సిస్టమ్ దారులే.

ఇప్పుడు నడిపితే ఎన్ఎఫ్90_గెట్_వేర్ దగ్గర స్టేటస్ -57 వస్తోంది. ఎన్‌సీడంప్ -హెచ్ (ఫైలు లోపలి వివరాలు చూపే కమాండ్) చూపించిన వరస ప్రకారం (టైమ్, లాటిట్యూడ్, లాంగిట్యూడ్) స్టార్ట్ = (1, 45, 49), కౌంట్ = (365, 1, 1) ఇచ్చాను. ఇది కూడా లైబ్రరీ వెర్షన్ గొడవేనా?

ఇంకొకటి: ఇదే ప్రోగ్రామ్ తర్వాత మా విభాగం క్లస్టర్‌లో నడపాలి, అక్కడ ఇంటెల్ కంపైలర్ ఉంది. ఎగ్జిక్యూటబుల్, మాడ్ ఫైలు కాపీ చేసుకుంటే సరిపోతుందా?

---

కోర్‌డంప్

-57 కు లైబ్రరీతో పనిలేదు. ఎన్ఎఫ్90_స్ట్రెర్రర్‌కు ఆ నంబరు ఇస్తే "స్టార్ట్+కౌంట్ డైమెన్షన్ హద్దు దాటింది" అని చెబుతుంది. ఎన్‌సీడంప్ సీ భాష వరస చూపిస్తుంది, అందులో చివరిది వేగంగా మారే డైమెన్షన్. ఫోర్ట్రాన్‌లో వేగంగా మారేది మొదటిది. కాబట్టి వరస మొత్తం తిరగేయాలి: స్టార్ట్ = (49, 45, 1), కౌంట్ = (1, 1, 365). మీరు 135 ఉన్న రేఖాంశం వెంట 365 అడిగారు, అందుకే తిప్పికొట్టింది.

ఎర్రర్ రావడం మీ అదృష్టం. కాలాన్ని చివరికి జరిపి మిగతా రెంటినీ అలాగే (45, 49, 1) అని వదిలేస్తే ఏ ఎర్రరూ రాదు. గ్రిడ్ 66.5 తూర్పు, 6.5 ఉత్తరం దగ్గర మొదలవుతుంది. 49వ రేఖాంశం 66.5 + 48 × 0.25 = 78.5, 45వ అక్షాంశం 6.5 + 44 × 0.25 = 17.5. హైదరాబాద్‌కు ఇదే దగ్గరి పాయింట్. తారుమారైతే 77.5 తూర్పు, 18.5 ఉత్తరం అవుతుంది, అంటే నాందేడ్ జిల్లా దెగ్లూరు చుట్టుపక్కల. అదీ దక్కనే, అక్కడా జూన్‌లోనే వానలు మొదలవుతాయి. గ్రాఫ్ గీసినా అనుమానం రాదు.

అందుకని సీడీఓతో (వాతావరణ డేటా ఫైళ్ల మీద లెక్కలు చేసే కమాండ్ సాధనం) ఒకసారి సరిచూసుకోండి:

సీడీఓ -అవుట్‌పుట్‌ట్యాబ్,డేట్,వాల్యూ -రీమ్యాప్‌ఎన్ఎన్,లాన్=78.5_లాట్=17.5 ఫైలు.ఎన్‌సీ

మీ ప్రోగ్రామ్ ఇచ్చిన అంకెలు దీంతో రోజు రోజుకూ కలవాలి. పైథాన్‌లో పోలుస్తుంటే అక్కడ ఇండెక్స్ 0 నుంచి మొదలు కాబట్టి రేఖాంశానికి 48, అక్షాంశానికి 44 ఇవ్వాలి.

ప్రతి ఎన్ఎఫ్90 పిలుపు తర్వాతా స్టేటస్ చూడండి. చూడకపోతే ఎన్ఎఫ్90_ఓపెన్ విఫలమైనా ప్రోగ్రామ్ ముందుకు పోతుంది, అర్రేలో ఏముంటే అదే వానగా అచ్చవుతుంది. వేరియబుల్ పేరులో పెద్ద, చిన్న అక్షరాల తేడా కూడా లెక్కే, ఎన్‌సీడంప్ చూపించినట్టే ఇవ్వండి.

---

నల్లమల

క్లస్టర్ సంగతి చెబుతాను. రెండూ కాపీ చేయకండి, సోర్స్ ఒక్కటే తీసుకెళ్లండి.

మాడ్ ఫైలు కంపైలర్ సొంత ఫార్మాట్. జీఫోర్ట్రాన్ చేసినదాన్ని ఇంటెల్ చదవదు, ఇంటెల్ చేసినదాన్ని జీఫోర్ట్రాన్ "జీఎన్‌యూ ఫోర్ట్రాన్ మాడ్యూల్ ఫైలు కాదు" అని తోసిపుచ్చుతుంది. జీఫోర్ట్రాన్‌లోనే పాత వెర్షన్ మాడ్‌ను కొత్తది చదవలేకపోవచ్చు. 8వ వెర్షన్ దగ్గర ఆ ఫార్మాట్ మారింది. కాబట్టి నెట్‌సీడీఎఫ్-ఫోర్ట్రాన్ ఏ కంపైలర్‌తో కట్టారో మీ ప్రోగ్రామ్ కూడా దాంతోనే కట్టాలి. సీ లైబ్రరీకి, హెచ్‌డీఎఫ్5 సీ భాగానికి ఇంత పట్టింపు లేదు. క్లస్టర్‌లో "ఎన్ఎఫ్-కాన్ఫిగ్ --ఎఫ్‌సీ" కొడితే ఏ కంపైలరో చెబుతుంది.

లైబ్రరీలను పేరు చెప్పి లోడ్ చేసుకునే మాడ్యూల్ పద్ధతి (ఫోర్ట్రాన్ మాడ్యూల్ వేరు) ఉన్న చోట (ఐఐటీ హైదరాబాద్ పరమ్ సేవ లాంటి యంత్రాలు) "మాడ్యూల్ అవైల్" చూసి, ఒకే కంపైలర్ కింద ఉన్న హెచ్‌డీఎఫ్5, నెట్‌సీడీఎఫ్-సీ, నెట్‌సీడీఎఫ్-ఫోర్ట్రాన్ మూడింటినీ లోడ్ చేయండి. లాగిన్ నోడ్‌లో లోడ్ చేసి కంపైల్ చేసినంత మాత్రాన సరిపోదు. జాబ్ స్క్రిప్ట్‌లోనూ మొదట "మాడ్యూల్ పర్జ్", తర్వాత అవే లోడ్ లైన్లు రాయండి. లేకపోతే కంప్యూట్ నోడ్‌లో "లిబ్‌నెట్‌సీడీఎఫ్‌ఎఫ్.ఎస్ఓ.7: తెరవలేను" అని జాబ్ మొదట్లోనే చస్తుంది.

ఆ బాధ లేకుండా దారిని ప్రోగ్రామ్‌లోనే రాసేయాలంటే లింక్ లైను చివర -డబ్ల్యూఎల్,-ఆర్‌పాత్, అని రాసి ఫోల్డర్ దారి ఇవ్వండి. ఇక్కడో చిక్కుంది. ఈ మధ్య లింకర్లు దీన్ని ఎక్కువగా రన్‌పాత్‌గా రాస్తాయి. రన్‌పాత్ మీ ప్రోగ్రామ్ నేరుగా అడిగే లైబ్రరీలకే వర్తిస్తుంది. నెట్‌సీడీఎఫ్ తన లోపల అడిగే హెచ్‌డీఎఫ్5 కు వర్తించదు. అందుకే మొదటి లైబ్రరీ దొరికి రెండోది దొరకని వింత కనబడుతుంది. అలా అయితే -డబ్ల్యూఎల్,--డిసేబుల్-న్యూ-డీట్యాగ్స్ కూడా చేర్చండి, అప్పుడు పాత ఆర్‌పాత్ పడుతుంది, లోపలి లైబ్రరీలకూ పనిచేస్తుంది. ఏది పడిందో "రీడ్‌ఎల్ఫ్ -డీ ./వాన" చూపిస్తుంది.

ఇంకో రెండు అక్కడ ఎదురుకావచ్చు. "హెచ్‌డీఎఫ్5 లైబ్రరీ వెర్షన్ మిస్‌మ్యాచ్" అని పెద్ద హెచ్చరిక ఇచ్చి కోర్ డంప్ అయితే, కంపైల్ అప్పుడు చూసిన హెడర్ ఒక వెర్షన్, నడిచేటప్పుడు దొరికిన లైబ్రరీ ఇంకో వెర్షన్. 1.10.5, 1.10.7 రెండింటి ఎస్ఓ నంబరూ 103 కావడంతో లోడర్‌కు తేడా తెలియదు, హెచ్‌డీఎఫ్5 తానే చూసుకుని ఆపేస్తుంది. హెచ్‌డీఎఫ్5_డిసేబుల్_వెర్షన్_చెక్ పెట్టి నోరు మూయించమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వద్దు. ఎల్‌డీడీ చూసి రెండో కాపీ ఎక్కణ్నుంచి దూరిందో పట్టుకోండి.

రెండోది -101, అంటే హెచ్‌డీఎఫ్ ఎర్రర్. ఇంట్లో తెరుచుకున్న ఫైలే ఎన్ఎఫ్ఎస్ లేదా లస్టర్ (నెట్‌వర్క్ మీద పంచుకునే) డిస్క్ మీద తెరుచుకోకపోతే ముందు ఫైల్ లాకింగ్‌ను అనుమానించండి. 1.10 శ్రేణి నుంచి హెచ్‌డీఎఫ్5 ఫైలు తెరిచేటప్పుడు లాక్ అడుగుతుంది, కొన్ని డిస్కులు ఇవ్వవు. చదవడమే పని కాబట్టి హెచ్‌డీఎఫ్5_యూజ్_ఫైల్_లాకింగ్=ఫాల్స్ అని జాబ్ స్క్రిప్ట్‌లో ఎక్స్‌పోర్ట్ చేయండి, విలువ మొత్తం పెద్ద అక్షరాల్లో. అదే ఫైల్లోకి ఇంకో ప్రోగ్రామ్ రాస్తుంటే మాత్రం ఈ పని చేయొద్దు. దానికి బదులు -51 వస్తే "తెలియని ఫార్మాట్" అని, చాలాసార్లు ఫైలు సగమే దిగి ఉంటుంది లేదా డేటా బదులు వెబ్‌పేజీ సేవ్ అయి ఉంటుంది. "ఎన్‌సీడంప్ -కే" కొడితే తేలిపోతుంది.

ఇంటెల్‌కు మారాక ఒక్క జాగ్రత్త: ఏడాది మొత్తం అర్రే 25 మెగాబైట్లు, డబుల్‌లో 50. సబ్‌రొటీన్ లోపల దాన్ని సైజు వేరియబుల్‌తో వచ్చే లోకల్ (ఆటోమేటిక్) అర్రేగా పెడితే స్టాక్ మీదికి పోయి, మామూలుగా ఉండే 8 మెగాబైట్ల పరిమితి దాటి సెగ్మెంటేషన్ ఫాల్ట్ రావచ్చు. అలొకేటబుల్ చేయండి.

---

గోదారిగట్టు

ఏడాది మొత్తం కూడేటప్పుడు -999 ఉన్నచోట్లు వదిలేయాలి, డేటా లేదని దాని అర్థం. నెట్‌సీడీఎఫ్ ఫైల్లో ఆ విలువేదో _ఫిల్‌వాల్యూ గానీ మిస్సింగ్_వాల్యూ గానీ చెబుతుంది, అక్కడి నుంచే చదువుకోండి. కౌంట్‌లో 365 అని రాసిపెట్టుకోవద్దు, 2020, 2024 ఫైళ్లలో డిసెంబరు 31 ఏ ఎర్రరూ లేకుండా జారిపోతుంది. ఎన్ఎఫ్90_ఇన్‌క్వైర్_డైమెన్షన్‌తో టైమ్ పొడవు అడిగి అదే వాడండి.