ఈ వారం సమస్య: “వంగకాయ పండు వంకలేదు”

నిర్వాహకుడు: నిన్న గుత్తివంకాయ కూర ముందు కూర్చుని మా మనవడు “తాతా, ఇది బెర్రీ, స్ట్రాబెర్రీ మాత్రం బెర్రీ కాదు” అన్నాడు. ముద్ద దిగలేదు. ఆ ఉక్రోషంలో పుట్టిన పాదం ఇది. దీన్ని చివరి పాదంగా పెట్టి పైన మూడు పాదాలు మీరు పూరించాలి. పూరణలో కాస్త శాస్త్రం కనబడాలి, ఊరికే కిట్టించొద్దు.

గోదారి గట్టు:
అండకోశ ముబ్బి యందు గింజలు నిండ
ఫలమటంచు బడిని పంతులనియె
కూర వండునపుడు గోల యేలనె బామ్మ
వంగకాయ పండు వంకలేదు

బాటనీ మాస్టారు: నడక బాగుంది, బామ్మ ఇంకా బాగుంది. కానీ పండయ్యేది పువ్వులో గింజలు కట్టే అండాశయం నాయనా, అండకోశం అంటే దాని పైనున్న కాడలాంటి కీలం, దాని కొసనున్న కీలాగ్రం కూడా కలిపి. అవి ఉబ్బవు, రాలిపోతాయి.

గోదారి గట్టు: “అండాశయము” ఆటవెలదిలో ఎలా ఎక్కిస్తారు మాస్టారూ? మొదట్లోనే వరసగా రెండు గురువులు.

బాటనీ మాస్టారు: ఎక్కకపోతే వేరే మాట వెతుక్కోవాలి గానీ పువ్వునంతా ఉబ్బించేస్తావా?

పలాస పిక్క: నాదీ చూడండి.
జీడిమామిడందు చిక్కిన రసమెల్ల
కాడ వాపు గాని కాయ కాదు
పిక్క యసలు పండు పేరుకే యది పండు
వంగకాయ పండు వంకలేదు

బాటనీ మాస్టారు: భేష్! “కాడ వాపు” అన్న ఒక్క మాటకే మార్కులన్నీ వేసేస్తాను. జీడిమామిడి అనృతఫలం, అంటే అండాశయం కాక వేరే భాగం ఉబ్బి పండులా కనబడేది. స్ట్రాబెర్రీ సంగతీ అంతే, ఎర్రటి కండంతా పుష్పాసనం, అదే పువ్వు కూర్చునే కాడ కొస, దాని మీద గింజల్లా అంటుకుని ఉంటాయే, అవీ అసలు పళ్లు.

గోదారి గట్టు: మార్కులు తర్వాత వేద్దురు గానీ, “మామిడందు” ఏమిటండీ? మామిడియందు కావాలి. మామిడి ఏమ్యాదుల్లో, అదే సంధిలో చివరి ‘ఇ’ పోగొట్టుకునే ‘ఏమి’ లాంటి మాటల్లో, ఎప్పుడు చేరింది?

పలాస పిక్క: సరే, “జీడిమామిడికిని” అని దిద్దుకోండి, గణం చెడదు. అయినా ఈ మాట తమరా అనడం! పోయిన నెల “మంచు నిండియున్న మరుధరిత్రి” ఇస్తే ఎడారి అంటే ఇసుకే అనుకుని ధ్రువం మీద ఇసుక తుఫాను లేపారు. ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు వానో మంచో పడే చోటు ఎడారి, ఇసుకతో పని లేదు. పైగా గణాల కోసం అంటార్కిటికాని “అంటరుకిటిక” చేశారు, కిటికీలా.

గోదారి గట్టు: అది కవికున్న స్వేచ్ఛ.

వంగతోట: అన్నయ్యలూ, కొట్టుకోవడం అయితే ఇది చూడండి.
నారు పోయ మొలిచి నవనవలాడేది
పచ్చిదేమొ, దాని పక్వమేమొ
నిండు చంద్రునందు నెలవంక యుండునే
వంగ, కాయ, పండు, వంకలేదు

నిర్వాహకుడు: క్రమాలంకారం! పాదాన్ని నాలుగు ముక్కలు చేసి పై ప్రశ్నలకి వరసగా జవాబులిచ్చావమ్మా. “లాడేది” వ్యావహారికమే, పోనీ. మరి శాస్త్రం ఏదీ?

వంగతోట: రెండో పాదంలోనే ఉంది బాబాయ్. అమెరికాలో కూరగాయల దిగుమతికి సుంకం ఉండి పళ్లకు లేకపోయేసరికి టమాటా గొడవ 1893లో వాళ్ల సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వృక్షశాస్త్రం లెక్కన పండే, కానీ జనం భోజనంలో తింటారు గనక కూరగాయే అని తీర్పిచ్చారు. మనకి పచ్చిది కాయ, ముగ్గితే పండు, శాస్త్రానికి రెండూ ఫలమే. ఫలం అనాల్సిన చోట మీరు పండు అనేశారు, చిక్కంతా అక్కడే.

గోదారి గట్టు: అదేం కుదరదమ్మా. వంగపండు రంగు చీర అంటామా, వంగకాయ రంగు అంటామా? పండని మన భాషే ఒప్పుకుంది.

పలాస పిక్క: తమరు పండిన వంకాయని ఎప్పుడైనా చూశారా? విత్తనానికని చెట్టునే వదిలేస్తే పసుప్పచ్చగా మారుతుంది. ఇంతకీ తమరి చీర ఏ రంగు?

గోదారి గట్టు: మా ఆవిణ్ణి అడిగి చెప్తాను.