గొర్రెల మేత బీడుకు సబ్‌క్లోవర్ సరిపోతుందా?

ప్రశ్న: దక్షిణ ఆస్ట్రేలియాలో చలికాలపు వానల మీదే ఆధారపడిన మా గొర్రెల బీడులో గడ్డి పలుచబడి, నేల సారం తగ్గిపోయింది. సబ్‌క్లోవర్‌ను (పప్పుజాతికి చెందిన మేత మొక్క) ఒకసారి విత్తితే ఏటా దానంతటదే మొలుస్తుందన్నది నిజమేనా?

జవాబు: నిజమేనండి. పూత ముగిశాక ఈ మొక్క వేరుశనగ ఊడల్లాగే కాయలను నేలలోకి దించుతుంది కనుక, వేసవి ఎండకు మొక్క చనిపోయినా తొలివానలకు ఆ గింజలే మొలకెత్తుతాయి. అడిలైడ్ సమీపంలోని మౌంట్ బార్కర్ వద్ద 1889లో దీని విలువను గుర్తించినవారు ఏమస్ హోవర్డ్. గాలిలోని నత్రజనిని మొక్కకు అందే రూపంలోకి మార్చే నత్రజని స్థిరీకరణ సరిగా జరగాలంటే, విత్తనానికి ఈ పంటకు సరిపడే రైజోబియం అనే వేరు బుడిపెల బ్యాక్టీరియానే పట్టించాలి.

మరొక జవాబు: రకం ఎంపికలో మాత్రం జాగ్రత్త అవసరం. ఆడ హార్మోను ఈస్ట్రోజన్‌లా పనిచేసే పదార్థాలు ఎక్కువగా ఉన్న పాత రకాలను మేసి, 1940లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో గొర్రెలు చూలు కట్టలేకపోయాయి. అలాంటి పదార్థాల్లో ముఖ్యమైన ఫార్మోనోనెటిన్ తక్కువగా ఉన్న రకాన్నే అడిగి తీసుకోండి.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండి. విత్తే ముందు నేల ఆమ్లతను కూడా పరీక్షింపజేస్తాను.