మే నెలలో హిమాలయ ట్రెక్: మంచుచరియల ప్రమాదాన్ని ఎలా అంచనా వేయాలి?

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్కారం. మే మొదటి వారంలో మేము నలుగురం మనాలి దగ్గరి బియాస్ కుండ్‌కు వెళ్లాలనుకుంటున్నాము. ఉదయగిరి దుర్గం, పెంచలకోన కొండలు ఎక్కిన అలవాటు ఉన్నా, మంచు మీద ఎన్నడూ నడవలేదు. ఎండాకాలానికి మంచు గట్టిపడిపోతుంది కనుక భయం లేదని ఒక మిత్రుడు, చరియలు విరిగిపడేదే అప్పుడని మరొక మిత్రుడు అంటున్నారు. దారి చాలావరకు లోయ అడుగునే సాగుతుంది కదా, పైనున్న వాలుల గురించి మేము ఆలోచించాలా?

జవాబు (నెల్లూరు నుంచి)

మీ మిత్రులిద్దరి మాటా నిజమే. మొదటిది తెల్లవారుజామున, రెండోది మధ్యాహ్నం. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి మంచు పైపొర గడ్డకట్టి మనిషి బరువును మోస్తుంది. ఎండ ఎక్కేకొద్దీ కరిగిన నీరు లోపలికి ఇంకి, మంచు రేణువుల మధ్య పట్టును వదిలిస్తుంది. ముందు తూర్పు వాలులు, తర్వాత దక్షిణపు వాలులు, చివరికి పడమటి వాలులు ఇలా మెత్తబడతాయి. అందువల్ల చీకటితోనే బయలుదేరి, మధ్యాహ్నం కాకముందే వాలుల కింది నుంచి బయటపడాలి.

మబ్బు పట్టిన రాత్రి మన నెల్లూరులో ఉక్క తగ్గనట్టే, అక్కడా నేల వేడి పైకి పోలేక మంచు గడ్డకట్టదు. అటువంటి రాత్రి తర్వాత ఉదయపు నడక కూడా మానుకోవడమే మంచిది. వాలు మీద మంచు ఉండలు వాటంతటవే దొర్లుతున్నా, బూటు చీలమండ దాటి దిగబడుతున్నా, గమ్యం ఎంత దగ్గరలో ఉన్నా వెనుదిరగండి.

జవాబు (ఒంగోలు నుంచి)

లోయ అడుగు గురించి అడిగారు కనుక చెబుతున్నాను. చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద మొదలవుతాయి కానీ, చదునైన నేల మీదికీ వచ్చి పడతాయి. 2025 ఫిబ్రవరి 28న బదరీనాథ్ దగ్గరి మానా వద్ద చరియ కమ్మేసింది రోడ్డు పనివారి శిబిరాన్ని. 54 మందిలో 8 మంది చనిపోయారు. కాబట్టి పాత చరియల మంచు కుప్పపడిన చోట గుడారం వేయకండి, ఆగి ఫొటోలు కూడా తీసుకోకండి. అనుమానం ఉన్న వాలు కింద ఒక్కొక్కరే దాటాలి, మిగిలినవారు సురక్షితమైన చోట నిలబడి దాటేవారినే చూస్తుండాలి.

ప్రశ్న వేసినవారు

ధన్యవాదాలండీ. స్థానిక గైడ్ వస్తున్నారు. అయినా మంచులో కూరుకుపోయినవారి జాడను రేడియో సంకేతంతో తెలిపే బీకన్ వంటివి మాకు అవసరమా?

జవాబు (నెల్లూరు నుంచి)

తప్పనిసరిగా అవసరం. గైడే కూరుకుపోతే ఆయనను తీయవలసింది మీరే. మొదటి పది, పదిహేను నిమిషాల్లో బయటికి తీసినవారిలో అత్యధికులు బతుకుతారు, అరగంట దాటితే ఆశ బాగా సన్నగిల్లుతుంది. బయటి సహాయం అంతలో చేరదు. ప్రతి ఒక్కరి దగ్గరా బీకన్, మంచులో గుచ్చి వెతికే పొడవాటి ప్రోబ్ కడ్డీ, పార మూడూ ఉండాలి. వాటిని ముందుగానే సంపాదించి, ఒక బీకన్‌ను సంచిలో చుట్టి తుమ్మలపెంట తీరంలో ఇసుకలో పాతి, మిగతా ముగ్గురూ వెతికి తవ్వి తీయడం చేతికి అలవాటయ్యేదాకా సాధన చేయండి.