లోపల పెట్రోల్ జనరేటర్ ఉన్న ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ మన ఘాట్లకి పనికొస్తుందా?

మధురవాడ_4x4:
అందరికీ నమస్కారం. విశాఖ నుంచి టూరిస్టులని అరకు, పాడేరు, లంబసింగి తిప్పడానికి, సీలేరు వైపు క్యాంపులకి పెద్ద ఎలక్ట్రిక్ బండి చూస్తున్నాం. ఐదుగురు మనుషులు, టెంట్లు, వంటసామాను కలిపి లోడు గట్టిగానే ఉంటుంది. అమెరికాలో స్కౌట్, రామ్ కంపెనీలు బ్యాటరీతోపాటు బండిలోనే పెట్రోల్ జనరేటర్ పెడుతున్నాయని చదివాం. ఇది మామూలు హైబ్రిడ్‌కి ఎలా వేరు? బ్యాటరీ అడుగంటితే ఆ జనరేటర్ ఒక్కటే అనంతగిరి ఘాట్ ఎక్కించగలదా? అలాంటి బండి కోసం ఆగకుండా మామూలు ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ కొని, డిక్కీలో చిన్న జనరేటర్ వేసుకుంటే సరిపోతుందా? లెక్కలతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

వాల్తేరు_ట్రాక్షన్:
మొదటి ప్రశ్నకి జవాబు మన ఊళ్లోనే ఉందండి. వాల్తేరు రైల్వే షెడ్‌లోని డీజిల్ లోకోల్లో (రైలింజన్లలో) ఇంజన్ చక్రాలని నేరుగా తిప్పదు. ఆల్టర్నేటర్‌ని తిప్పుతుంది, ఆ కరెంటుతో ట్రాక్షన్ మోటార్లు చక్రాలని తిప్పుతాయి. మీరడిగిన జనరేటర్ బండిలోనూ, అంటే రేంజ్ ఎక్స్‌టెండర్ బండిలోనూ అమరిక ఇదే. తేడా అల్లా మధ్యలో పెద్ద బ్యాటరీ ఉండటం. లోకో దిగుడులో డైనమిక్ బ్రేక్ వేస్తే పుట్టిన కరెంటంతా గ్రిడ్ రెసిస్టర్లలో వేడిగా పోతుంది, ఈ బండిలో అది బ్యాటరీలోకి వెళ్తుంది. మామూలు హైబ్రిడ్లలో చాలావాటిలో ఇంజన్‌కి చక్రాలతో మెకానికల్ లింకు ఉంటుంది, బ్యాటరీ కూడా ఒకటి రెండు యూనిట్లకి మించదు.

రామ్ 1500 ఆర్‌ఈవీ అని ఇప్పుడు పిలుస్తున్న ట్రక్కుకి మొదట రామ్‌చార్జర్ అని పేరు పెట్టారు. దాని లెక్క: 92 యూనిట్ల బ్యాటరీ, 3.6 లీటర్ల వీ6 పెట్రోల్ ఇంజన్, 130 కిలోవాట్ల జనరేటర్. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు 2024 అక్టోబరులో చూపించిన స్కౌట్ ట్రావెలర్, టెర్రా బళ్లలో జనరేటర్ రకానికి హార్వెస్టర్ అని పేరు. మొత్తం 500 మైళ్లు, అంటే 800 కి.మీ. పైన వస్తుందని కంపెనీ మాట. ఫోర్డ్ కూడా 2025 డిసెంబరులో ఎఫ్-150 లైట్నింగ్‌ని ఇదే దారికి మారుస్తున్నట్టు చెప్పింది. ముగ్గురూ ఇటు రావడానికి పెద్ద కారణం ట్రైలర్. పెద్ద ట్రైలర్ తగిలిస్తే బ్యాటరీ ట్రక్కు రేంజి దాదాపు సగానికి పడిపోతుంది.

ఈ బళ్ల బ్రోషర్లలో మైళ్లే పెద్ద అక్షరాల్లో ఉంటాయి. మీరు ముందు చూడాల్సింది జనరేటర్ ఎన్ని కిలోవాట్లు, బ్యాటరీ ఎంత శాతం దగ్గర అది స్టార్ట్ అవుతుంది అన్నవి. మిగతావి తర్వాత.

గాజువాక_ఈవీ_లెక్కలు:
రెండో ప్రశ్న నేను అందుకుంటాను. లోడుతో బండి 2,800 కిలోలు అనుకుందాం. ఎస్.కోట మీదుగా అరకు సుమారు 115 కి.మీ., దారిలో గాలికొండ దగ్గర 1,300 మీటర్ల ఎత్తుకి వెళ్తాం. సముద్రమట్టం నుంచి అంత బరువుని అంత ఎత్తుకి లేపడానికే 9.9 యూనిట్లు, మోటారు, ఇన్వర్టర్ నష్టాలు కలిపితే 11. చదును రోడ్డు ఖర్చు 24 యూనిట్లు వేయండి. గాలికొండ నుంచి అరకు దిగేటప్పుడు ఒకటి రెండు తిరిగొస్తాయి. పోయేదానికి 33, వచ్చేదానికి 21 లేదా 22. రానూపోనూ 55 యూనిట్లు. హారియర్ ఈవీలో పెద్ద బ్యాటరీ 75 యూనిట్లు, మహీంద్రా బీఈ 6లో 79. అంటే ఒక్క అరకు కోసమైతే జనరేటర్ అవసరమే లేదు, బ్యాటరీలో ముప్పావు వంతు ఖర్చుతో ఇంటికొచ్చేస్తారు.

ఇక జనరేటర్ ఒక్కటే ఎక్కించగలదా? 6 శాతం ఎత్తులో గంటకి 40 కి.మీ.తో ఎక్కితే, ఏసీ కలుపుకుని బ్యాటరీ మీద పడే లోడు 28 కిలోవాట్ల దగ్గర ఉంటుంది. హెయిర్‌పిన్ నుంచి బయటికొస్తూ గట్టిగా తొక్కితే కొద్ది సెకన్లు 80, 100 కూడా తాకుతుంది. ఆ కొద్ది సెకన్ల అదనపు లోడు బ్యాటరీ మోయాలి, సగటు జనరేటర్ మోయాలి. అందుకే 25 కిలోవాట్ల జనరేటర్ కూడా ఘాట్‌లో కొంచెం వెనకబడుతుందే తప్ప చతికిలబడదు, బ్యాటరీలో నిల్వ ఉన్నంతవరకు.

ఆ నిల్వ లేకపోతే ఏమవుతుందో బీఎమ్‌డబ్ల్యూ ఐ3 కారులో జనరేటర్ ఉన్న రకం చూపించింది. 647 సీసీ రెండు సిలిండర్ల ఇంజన్, జనరేటర్ నుంచి వచ్చేది సుమారు 25 కిలోవాట్లు. యూరప్ బళ్లలో చార్జి 75 శాతం లోపుకి రాగానే డ్రైవరే ఇంజన్ ఆన్ చేసి ఆ స్థాయిని నిలబెట్టుకోవచ్చు. అమెరికా బళ్లలో కాలిఫోర్నియా నిబంధన కోసం ఆ సౌకర్యం తీసేశారు, బ్యాటరీ 6 శాతం చిల్లరకి వచ్చాకే ఇంజన్ స్టార్ట్ అయ్యేది. బండి అదే, జనరేటర్ అదే. పొడవాటి ఎత్తుల్లో అమెరికా బళ్లు పవర్ తగ్గించేసి మెల్లగా పాకాయి.

కాబట్టి కొనేముందు చార్జ్ హోల్డ్ బటన్ (చార్జిని ఉన్న స్థాయిలో నిలబెట్టేది) ఉందో లేదో టెస్ట్ డ్రైవ్‌లో చూసి తీరాలి. అరగంట ఎక్కుడుకి దాదాపు 14 యూనిట్లు కావాలి, 20 కిలోవాట్ల జనరేటర్ 10 ఇస్తుంది, మిగతా 4 బ్యాటరీ నుంచి. టర్బో లేని ఇంజన్ ప్రతి 100 మీటర్ల ఎత్తుకి సుమారు 1 శాతం పవర్ పోగొట్టుకుంటుంది, ఎండ వేడి ఇంకొంత తింటుంది. ఎస్.కోట చేరేసరికి 25 శాతం చేతిలో ఉండేలా హోల్డ్ పెట్టుకుంటే ఈ తరుగులన్నీ సర్దుకుంటాయి.

దిగేటప్పుడు ఇంకో జాగ్రత్త. గాలికొండ నుంచి కిందికి 6 యూనిట్ల దాకా వెనక్కి వస్తుంది, అంటే 75 యూనిట్ల బ్యాటరీలో 8 శాతం. పైన 100 శాతం నింపుకుని బయల్దేరితే ఆ కరెంటుకి చోటు ఉండదు. రీజెన్ (దిగుడులో మోటారే కరెంటు పుట్టిస్తూ బ్రేకులా పనిచేయడం) ఆగిపోయి, 2,800 కిలోల భారమంతా బ్రేక్ ప్యాడ్ల మీద పడుతుంది, డిస్కులు కాలి వాసనొస్తాయి. 90 దగ్గర ఆపేయండి. జనరేటర్ బండి అయినా సరే, పైన చార్జ్ మోడ్ ఆపేసి దిగాలి.

ట్రైలర్ తగిలిస్తే మాత్రం పైన చెప్పిన లెక్క పూర్తిగా మారుతుంది. 3 టన్నుల ట్రైలర్‌తో అదే ఎత్తు 60 వేగంతో ఎక్కితే 80 కిలోవాట్లు దాటుతుంది. రామ్ వాళ్లు 130 పెట్టింది అందుకే.

సీతమ్మధార_వైరింగ్:
మూడో ప్రశ్న, డిక్కీలో జనరేటర్. ముందు ఒక మాట: నడుస్తూ చార్జింగ్ అవదండి. చార్జింగ్ గన్ తగిలిస్తే బండి డ్రైవ్‌ గేర్‌లో పడదు. డిక్కీలో ఇంజన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్‌తో లోపలున్నవాళ్ల ప్రాణాలకే ముప్పు, దానికి వాసన ఉండదు. బాడీకి బిగించి హైవోల్టేజి లైన్‌లో కలిపే ఆలోచన ఉంటే అది మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద బండి మార్పు, అనుమతి లేకుండా చేస్తే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిము తిరగ్గొడతారు.

క్యాంపులో బండి ఆపి చార్జ్ చేసుకోవడానికైతే పనిచేస్తుంది, కానీ మెల్లగా. 3 కేవీఏ ఇన్వర్టర్ రకం జనరేటర్ తీసుకోండి. పాత రకం సెట్లలో లోడు మారినప్పుడల్లా వోల్టేజి, ఫ్రీక్వెన్సీ ఊగి చార్జర్ మధ్యలో కట్ అవుతుంది. బండి సెట్టింగ్‌లో కరెంటుని 10 ఆంపియర్లకి తగ్గించండి. అప్పుడు 2.3 కిలోవాట్లు లాగుతుంది, బ్యాటరీలో పడేది గంటకి 2 యూనిట్లు. మన ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్లో లీటరుకి సుమారు 8.3 యూనిట్ల వేడి ఉంటుంది, చిన్న జనరేటర్ అందులో 1.6 మాత్రమే కరెంటుగా మారుస్తుంది. బండిలో బిగించిన మంచి ఇంజన్ అయితే 2.9 దాకా. ఐదు గంటలు నడిపితే 7 లీటర్లు ఖర్చు, 10 యూనిట్లు, కొండదారిలో 40 కి.మీ. పెట్రోలు లీటరు రూ.108 అనుకుంటే యూనిట్ రూ.75 పడుతుంది. దారిలో చిక్కుకున్నప్పుడు ఆదుకునే సాధనంగా ఉంచుకోండి, రోజువారీ పనికి కాదు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు: జనరేటర్ స్టార్ట్ అయింది, చార్జర్‌లో ఎర్త్ ఫాల్ట్ లైటు వెలిగింది. చిన్న జనరేటర్లలో న్యూట్రల్ దేనికీ కలపకుండా వదిలేస్తారు. చార్జర్ ఎర్త్ కోసం వెతుకుతుంది, దొరకదు, మొరాయిస్తుంది. దీనికి మూడు పిన్నుల ప్లగ్ టాప్‌లో న్యూట్రల్‌ని, ఎర్త్‌ని ఒక తీగతో కలిపి జనరేటర్ రెండో సాకెట్లో పెడతారు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత చేయించండి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్) కూడా పెట్టించండి. ఆ ప్లగ్‌ మీద ఎర్ర టేపు చుట్టి జనరేటర్‌కే కట్టేయండి. ఇంటి సాకెట్లో అది ఎప్పుడూ పెట్టకూడదు.

జనరేటర్ సెట్‌ని టెంట్లకి, బండి కిటికీలకి కనీసం 20 అడుగుల దూరంలో, గాలి వాటుకి కింది వైపున పెట్టాలి. పెట్రోలు స్టీలు జెర్రీ క్యాన్‌లోనే. లైసెన్సు లేకుండా 30 లీటర్లకి మించి ఉంచకూడదు, ఒక డబ్బా 25 లీటర్లు దాటకూడదు.

నన్నడిగితే జనరేటర్ డబ్బుతో మంచి పోర్టబుల్ చార్జర్, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ కొనండి. పాడేరులోనో చింతపల్లిలోనో లాడ్జిలో 16 ఆంపియర్ల సాకెట్ దొరికితే 10 ఆంపియర్ల మీద రాత్రి 8 గంటల్లో 16 యూనిట్లు పడుతుంది. ముందు మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కి, ఎర్త్‌కి మధ్య చూడండి, 2, 3 వోల్టుల లోపు ఉండాలి. కేబుల్ చుట్టని పూర్తిగా విప్పాలి, చుట్టగా ఉంటే లోపలి వరసలు వేడెక్కి పీవీసీ కరుగుతుంది. అరగంటయ్యాక ప్లగ్ మీద చెయ్యి పెట్టి చూడండి, చుర్రుమంటే సాకెట్ లోపలి పత్తీలు వదులయ్యాయని అర్థం. ఆపేసి ఇంకో సాకెట్ వెతుక్కోవాలి.

మధురవాడ_4x4:
చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలండి. ఇంకొక్కటి. రోజూ ఊళ్లో కరెంటు మీదే తిరిగితే ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి అలాగే ఉంటుంది కదా. మన తేమకి ఏం కాదా? భీమిలి బీచ్ రోడ్డు ఉప్పుగాలి, గెడ్డలు (వాగులు) దాటడం కూడా ఉంటాయి.

భీమిలి_అండర్‌బాడీ:
మంచి ప్రశ్న, షోరూములో ఎవరూ చెప్పరు. ఈ20లో ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. నీరు ఒక స్థాయి దాటితే ఇథనాల్, నీళ్లు కలిసి అడుగుకి చేరతాయి, పంపు లాగేది అదే. స్టార్ట్ అయీ అవనట్టు ఉండటం, ఇంజెక్టర్లు పట్టేయడం, పంపు లోపల తుప్పు, అన్నీ అక్కణ్నుంచే. 2010లో వచ్చిన షెవర్లే వోల్ట్ దీనికి బాగా ఆలోచించింది. ట్యాంకు సీలు వేసి ప్రెజర్‌లో ఉంటుంది, బటన్ నొక్కి ప్రెజర్ వదిలాకే మూత తెరుచుకుంటుంది. ఆరు వారాల పాటు ఇంజన్ నడవకపోతే తనే స్టార్ట్ చేయమని అడుగుతుంది. పెట్రోలు ఏడాది పాతబడితే దాన్ని కాల్చేదాకా ఇంజన్ నడుపుతుంది. మీరు చూసే బండిలో ఈ ఏర్పాట్లు ఉన్నాయా అని అడగండి. లేకపోతే వానాకాలంలో నెలకోసారి 20 నిమిషాలు, ఇంజన్ పూర్తిగా వేడెక్కేలా నడపాలి. రెండు నిమిషాలు నడిపి ఆపేస్తే ఆయిల్లో నీరు చేరి ఇంకా చెరుపు. ఊళ్లో తిరిగే రోజుల్లో పావు ట్యాంకే ఉంచి, టూరు ముందు రోజు తాజాగా నింపుకోండి. సీలు లేని ట్యాంకైతే దీనికి ఉల్టా, ఎప్పుడూ నిండుగా ఉంచండి, ఖాళీ జాగా ఎంత ఎక్కువుంటే తేమ అంత ఎక్కువ చేరుతుంది.

గెడ్డల సంగతి: ఉత్త బ్యాటరీ బండికి గాలి పీల్చే ఇంజన్ లేదు కాబట్టి హారియర్ ఈవీకి కంపెనీ 600 మిల్లీమీటర్ల లోతు చెప్పింది. జనరేటర్ బండికి సైలెన్సరు, ఎయిర్ ఇంటేక్ రెండూ ఉన్నాయి. నీళ్లలో దిగే 10 నిమిషాల ముందే జనరేటర్ ఆపేయాలి. మండుతున్న క్యాటలిటిక్ కన్వర్టర్‌కి (సైలెన్సరు దారిలో పొగని శుభ్రం చేసే డబ్బా) చన్నీళ్లు తగిలితే లోపలి సిరామిక్ పగులుతుంది. స్కౌట్ వాళ్లు ఇంజన్‌ని వెనక యాక్సిల్‌కి అవతల పెడుతున్నారు. ఆ అమరికలో గెడ్డ దాటి గట్టెక్కేటప్పుడు ముందు తగిలేది వెనక భాగమే, కింద స్టీలు గార్డు లేకుండా తీసుకెళ్లొద్దు.

ఉప్పు మెల్లగా తినేస్తుంది. నారింజ రంగు హైవోల్టేజి కనెక్టర్ల సీళ్లలో ఉప్పునీరు చేరితే ఇన్సులేషన్ రెసిస్టెన్స్ పడిపోతుంది. సాధారణంగా వోల్టుకి 500 ఓములు ఉండాలి, అంటే 400 వోల్టుల బండికి 2 లక్షల ఓములు. అంతకన్నా తగ్గితే బండి ఐసోలేషన్ ఫాల్ట్ చూపించి స్టార్ట్ అవనివ్వదు. జనరేటర్ బండిలో ఇలాంటి కనెక్టర్లు ఇంకో జత ఎక్కువ. బీచ్ రోడ్డు వైపు రోజూ తిరిగితే వారానికోసారి అండర్‌బాడీని మంచినీళ్లతో, తక్కువ ప్రెజర్‌తో కడగాలి. ప్రెజర్ గన్‌ని కనెక్టర్ల మీదికి తిప్పితే సీలు దాటి నీరు లోపలికే పోతుంది. రేడియేటర్ ఫిన్నులు, ఎర్త్ స్ట్రాపుల బోల్టులు సర్వీసులో ప్రత్యేకంగా చూపించండి.

బండిని ఇసుకలోకి మాత్రం దించకండి. జనవరి నుంచి మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఇసుక కింద గూడు ఎక్కడుందో పైకి కనబడదు. ఆఫ్‌రోడ్ సరదాకి కొండ వైపు దారులు చాలా ఉన్నాయి.

గాజువాక_ఈవీ_లెక్కలు:
ఒక చిన్న చేర్పు. సీలేరు క్యాంపుకి వెళ్లేటప్పుడు నర్సీపట్నం దాటాక చార్జర్ల మీద ఆశ పెట్టుకోకుండా లెక్క వేసుకోండి. కొండదారిలో 100 కి.మీ.కి 25 యూనిట్లు, ఎక్కుడు ప్రతి 100 మీటర్లకి ఇంకో 0.85 యూనిట్. పోయేటప్పటి ఎత్తులన్నీ కూడి, రానూపోనూ కలిపి 60 యూనిట్ల లోపు వస్తే 75 బ్యాటరీతో ధైర్యంగా వెళ్లండి. 60 దాటితే చింతపల్లిలో రాత్రి బస, సాకెట్ ముందే ఫోన్లో మాట్లాడి పెట్టుకోండి.