బత్తాయి రైతుల గ్రూపులో పెద్దల మనసు నొప్పించకుండా నియమాలు ఎట్లా పెట్టాలి?

అందరికీ నమస్తే. మాది నల్లగొండ జిల్లా, గుర్రంపోడు దగ్గర పల్లె. బత్తాయి రైతులం 140 మంది ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం, నేనే అడ్మిన్‌ని.

మొన్న రాత్రి ఒక తమ్ముడు "చెట్టు ఎండుతుంది, ఏం కొట్టాలె?" అని మసక ఫొటో ఒకటి పెట్టాడు. చెట్టు వయసు లేదు, నేల సంగతి లేదు, నీళ్లు ఎప్పుడు పెట్టాడో లేదు. తెల్లారేసరికి దాని కింద ఇరవై గుడ్ మార్నింగ్ పూలు, రెండు పార్టీల వీడియోలు. ఆ సందట్లో ఎవరో ఏదో మందు పేరు చెప్తే, ఈ పిల్లగాడు పోయి కొట్టేశాడు. తీరా చెట్టు మొదలు దగ్గర తవ్వి చూస్తే వేరుకుళ్లు. ఆకు మీద ఎంత కొడితే ఏం లాభం? నాకు చాలా బాధైంది.

అందుకే అడిగేవాళ్లు ఆకు రెండు వైపులా, చెట్టు మొత్తం, మొదలు దగ్గర ఫొటోలు పెట్టాలని, ఇదివరకు కొట్టిన మందు రాయాలని, చెప్పేవాళ్లు తమ తోటలో చూసిందా, విన్నదా అన్నది చెప్పాలని రాసి పెడదామనుకుంటున్నా. పిన్ చేస్తే 30 రోజులకు పోతుంది కాబట్టి గ్రూపు డిస్క్రిప్షన్‌లోనే పెడతా.

చిక్కల్లా ఒక్కటే. ఆ పూలు పంపేది మా పెద్దబాపు, ఆయన ఈడువాళ్లు. అందరి ముందు అంటే చిన్నబుచ్చుకుంటారు. అడ్మిన్లే మెసేజ్ పెట్టేలా మారిస్తే, అడిగేవాళ్ల నోరు కట్టేసినట్టే. మీరైతే పెద్దలకు ఎట్లా చెప్తారు? ముచ్చట్లకు వేరే గ్రూపు పెట్టి చూసినవాళ్లుంటే, పనిచేసిందో లేదో చెప్పండి.