లైబ్రరీ పీరియడ్‌లో నచ్చిన పుస్తకమా, పాఠానికి పనికొచ్చే పుస్తకమా?

చాక్‌పీస్:
హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా స్టాఫ్ రూమ్‌లో ఎంతకీ తెగని పంచాయితీ ఒకటి ఇక్కడ పెడుతున్నాను. వారానికి ఒక్క లైబ్రరీ పీరియడ్ ఉంది. అందులో పిల్లల్ని వాళ్లకి నచ్చింది చదువుకోనివ్వాలని కొందరు, ఆ వారం చెప్పిన పాఠాలకు సంబంధించింది చదివించాలని కొందరు. నాది రెండో పక్షం. సగం మంది పుస్తకం తెరిచి కిటికీలోంచి బయటికి చూస్తుంటారు. పైగా అమెరికాలో చదవడం నేర్పే పద్ధతుల మీద వచ్చిన పరిశోధనలను పరిశీలించిన నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000లో ఇచ్చిన నివేదికలో, తరగతిలో ఎవరికి వాళ్లు మౌనంగా చదువుకోవడం వల్ల చదివే సామర్థ్యం పెరుగుతుందనడానికి తగినన్ని ఆధారాలు దొరకలేదన్నారు. మీరేమంటారు?

పుస్తకాల పురుగు:
ఆధారాలు చాల్లేదు అనడం వేరు, ఉపయోగం లేదని తేల్చడం వేరు మాస్టారూ. ఆ ప్యానెల్ రెండోది అనలేదు. నచ్చింది చదువుకోనివ్వాలని వాదించే భాషా పరిశోధకుడు స్టీఫెన్ క్రాషెన్ అప్పుడే దాని మీద విరుచుకుపడ్డారు, ఎక్కువ కాలం సాగిన అధ్యయనాలను సరిగ్గా లెక్కలోకి తీసుకోలేదని. అయినా కిటికీలోంచి చూసే పిల్లలు లెక్కల క్లాసులో చూడరా? దానికి లెక్కల పీరియడ్ ఎత్తేద్దామని ఎవరూ అనరేం?

చాక్‌పీస్:
హహ, అది నిజమే. కానీ నా క్లాసులో అలా చూస్తే పేరు పెట్టి పిలిచి ప్రశ్న అడుగుతాను. లైబ్రరీలో అడిగేవాళ్లెవరు?

పదో తరగతి అమ్మ:
నేను మాస్టారి వైపే. మార్కులు కావాలంటే మమ్మల్ని చిన్నచూపు చూడకండి, పరీక్షల టెన్షన్ ఇంట్లో ఎలా ఉంటుందో మాకు తెలుసు. అయితే ఒక మాట. మా అమ్మాయి ప్రాజెక్టు కోసం చాట్‌బాట్‌ని అడిగి పుస్తకాల పట్టిక తెచ్చుకుంది. పేర్లూ రచయితలూ చూస్తే ముచ్చటేసింది. తీరా లైబ్రరీ మేడం వెతికితే వాటిలో కొన్ని అసలు లేనే లేవట! ఆ గదిలో మనిషంటూ లేకపోతే ఆ పట్టిక అలాగే ప్రాజెక్టులోకి ఎక్కేసేది.

అల్మరా తాళం:
నేను స్కూల్ లైబ్రేరియన్‌ని. ఇద్దరూ ఆ ఒక్క పీరియడ్ చుట్టూనే తిరుగుతున్నారు. పిల్లవాడికి ప్రశ్న పుట్టేది సైన్స్ క్లాసులోనో సోషల్ క్లాసులోనో. లైబ్రరీ పీరియడ్ దాకా అది ఆగుతుందా?

ఒక ఉదాహరణ చెబుతాను. ఎనిమిదో తరగతి అబ్బాయికి కలరా మీద రాసుకురమ్మని పని ఇచ్చారు. ఇంటర్నెట్‌లో మొదట కనబడిందే ఎక్కించాడు: 1854లో లండన్‌లో జాన్ స్నో అనే డాక్టరు ఆ నీళ్ల వల్లే జబ్బు వస్తోందని బ్రాడ్ స్ట్రీట్ తాగునీటి పంపు పిడి తీయించాడు, దాంతో కలరా ఆగిపోయింది. అంతే, అయిపోయింది. స్నో గీయించిన మ్యాప్ ఉన్న పుస్తకం అతని ముందు పెట్టాను. ఏ ఇంట్లో ఎంతమంది పోయారో చిన్న చిన్న నల్లగీతలుగా ఉంటాయి. వాటిని వేలితో లెక్కపెడుతూ, పంపు దగ్గరే ఉన్న బీరు తయారుచేసే చోట గీతలు లేవేంటని అడిగాడు. అక్కడ పనివాళ్లు బీరు తాగేవారు, వాళ్లకి వేరే బావి ఉండేది, అందుకే ఆ పంపు నీళ్ల జోలికి పోలేదు. ఇంకాస్త ముందుకెళితే స్నో మాటే దొరికింది: జనం భయపడి ఆ పేట వదిలి పోవడంతో పిడి తీసేనాటికే కేసులు తగ్గుముఖం పట్టాయి, పిడి వల్లే ఆగిందో లేదో తేల్చి చెప్పలేమని. అబ్బాయి రాసింది కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాడు.

ఇది నచ్చింది చదవడమా, పాఠానికి పనికొచ్చేది చదవడమా? పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలిచ్చి అరల్లో సర్దే డ్యూయీ పద్ధతిలో అంటువ్యాధులు 614లో, ఇంగ్లండ్ చరిత్ర 942లో, గణాంకాలు 519లో ఉంటాయి. పిల్లవాడికి మాత్రం ఇదంతా ఒకటే ప్రశ్న. ఆ మూడు అరల మధ్య దారి చూపించడమే మా పని. గది తలుపు రోజంతా తీసి ఉంచాలి, టీచర్లు ఏ వారం ఏ పాఠం చెబుతున్నారో నాకు ముందే చెప్పాలి. ఈ రెండూ జరగనప్పుడు పీరియడ్ ఎలా వాడినా పెద్ద తేడా ఉండదు.

చాక్‌పీస్:
బాగుంది మేడం. కానీ అది ఒక్క పిల్లవాడి కథ. క్లాసు మొత్తం ఒకేసారి వస్తే? ఇంకోటి, మా లైబ్రరీలో చాలా పుస్తకాల్లో ప్లూటో ఇప్పటికీ తొమ్మిదో గ్రహమే. 2006లోనే దాన్ని ఆ జాబితాలోంచి తీసేశారు కదా.

అల్మరా తాళం:
క్లాసంతా వస్తే నలుగురైదుగురిని జట్టు చేసి తలో ప్రశ్న ఇస్తాను, మీరూ పక్కనుంటే ఇంకా మంచిది. టీచరు లైబ్రరీలో పిల్లల్ని వదిలేసి పేపర్లు దిద్దుకోవడానికి వెళ్లిపోవడమే నాకు పెద్ద తలనొప్పి (మిమ్మల్ని అనడం లేదు లెండి). ప్లూటో సంగతి ఒప్పుకుంటాను. పాతవి తీసేయడం కూడా లైబ్రరీ పనే. కానీ తీసేస్తే రికార్డులో పుస్తకం తగ్గుతుంది, ఎవరు జవాబు చెప్పాలని భయం. అందుకే పాత సరుకు అలా ఉండిపోతుంది.

పుస్తకాల పురుగు:
మార్కులన్న అమ్మగారికి: స్కూల్ లైబ్రరీల మీద పరిశోధన చేసే కీత్ కర్రీ లాన్స్ బృందం అమెరికాలోని కొలరాడోలో చేసిన అధ్యయనం 1993లో వచ్చింది. పేదరికం లాంటివి లెక్కలో వేసుకున్నాక కూడా, లైబ్రరీలో సిబ్బందీ పుస్తకాలూ మెరుగ్గా ఉన్న స్కూళ్లలో పరీక్షల ఫలితాలు మెరుగ్గా కనిపించాయి.

చాక్‌పీస్:
లెక్కల వాణ్ణి కాబట్టి అడ్డు తగలక తప్పదు. రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకదాని వల్లే ఇంకోటి వచ్చిందనలేం. లైబ్రేరియన్‌ని పెట్టుకునే స్కూలు మిగతా వాటిలోనూ శ్రద్ధగానే ఉంటుంది.

పుస్తకాల పురుగు:
ఒప్పుకున్నాను. ఆ పంపు పిడికీ ఇదే లెక్క వర్తిస్తుంది మాస్టారూ, గమనించారా?

పదో తరగతి అమ్మ:
మీ వాదన మీరు కానివ్వండి. రోజంతా తలుపు తీసి ఉంచడానికి మేడం ఒక్కరే సరిపోతారా? భోజనం వేళ పెద్ద క్లాసుల పిల్లలు వంతులవారీగా కూర్చుంటే కుదురుతుందా? మా అమ్మాయి వస్తానంటోంది.

అల్మరా తాళం:
కుదురుతుందమ్మా. పుస్తకాలు ఇవ్వడం, తీసుకోవడం వాళ్లు చక్కగా చేస్తారు. వెతికిపెట్టే పని మాత్రం నాకు వదిలేయమనండి.

చాక్‌పీస్:
వచ్చే నెల గణాంకాల పాఠం మొదలుపెడుతున్నాను. మేడం, ఆ మ్యాప్ ఉన్న పుస్తకం పేరు పంపించండి, మా దగ్గర ఉందేమో చూస్తాను. నచ్చింది చదవనివ్వాలన్న వాదన మాత్రం నేనింకా ఒప్పుకోలేదు.